రేవు కొండ మీద కన్నెమ్మ చీర

తిరువళ్ళూరు
18 జనవరి 2024

అలమేలూ,

నీకూ పిల్లలకూ నా ఆశీస్సులు. నీ చెవికి కొన్న కొత్త మిషన్ కూడా పాతదానిలాగే కూస్తోందని మీ అబ్బాయి శ్రీరాఘవ్ చెప్పాడు. పోనీలే, నీకు వినపడకపోవడం వల్ల నాకొక మేలు జరిగింది. గంట రైలు ప్రయాణం దూరంలో ఉన్న ఆడబిడ్డకు ఉత్తరాలు రాసే భాగ్యం ఈ రోజుల్లో ఎవరికుంది? నేను కవర్లు అడిగితే పోస్టాఫీసులో పిల్ల నన్ను పైనుంచి కిందికి చూస్తుంది. ఫోన్‌లో మెసేజీ పెట్టొచ్చు కదా అంటాడు నా మనవడు ముకేశ్. పెడితే రెండిళ్ళలో పదిమంది చదువుతారు. తెలుగులో రాసి కవరు అంటిస్తే మనిద్దరం తప్ప చదివే దిక్కు లేదు. మన పిల్లలు మాట్లాడేది తెలుగే గానీ వాళ్ళ కంటికి తమిళ అక్షరాలే ఆనుతాయి.

మీ అన్న ఏడాది కార్యాలు అయిపోయాయి. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. దాదాపు యాభై ఏళ్ళు ఆయన గొంతుకు అలవాటు పడ్డదాన్ని, ఏమీ తోచడం లేదు. వచ్చే నెల మొదట్లో మా వీధి ఆడవాళ్ళు అన్నవరం, సింహాచలం యాత్రకు వెళ్తుంటే నేనూ పేరిచ్చాను. ముకేశ్ తోడు వస్తాడు. విశాఖపట్నంలో రేవు పక్కన డాల్ఫిన్ నోస్ అని ఒక కొండ ఉందట, పైన లైట్‌హౌస్ ఉందట. అక్కడినుంచి ఊరూ ఓడలూ అన్నీ కనిపిస్తాయట. డెబ్బై ఏళ్ళకు ఇదేం ముచ్చట అని నవ్వుకో.

మే నెలలో మీ అమ్మాయి శ్రీవాసవి పెళ్ళి. అంతకుముందే మాసి మగం సముద్రస్నానాల పండగకు మన కన్నెమ్మకు చీర పెట్టాలి కదా. మీ సుగంధక్క పెళ్ళికాకుండానే పులికాట్ సముద్రంలో పోయి కన్నెమ్మగా నిలిచినప్పటినుంచి ఏటా ఆ రోజున కొత్త చీర పెట్టి, పాయసం నైవేద్యం చేసి, ఆ చీరను పూజగదిలో వెదురుబుట్టలో ఉంచుతున్నాం. పాతది తీసి ఎవరైనా పేదరాలికి ఇస్తున్నాం. ఇన్నేళ్ళూ అదంతా నా చేతి మీదే జరిగింది. ఇప్పుడు మీ అన్న లేడు కాబట్టి ఆ పని కోడలు రంజిత చెయ్యాలని పెద్దలన్నారు. పెట్టేది తనే, తీసి ఇచ్చేదీ తనే. నాకు దిగులుగా ఉంది. ఎందుకో తరవాత రాస్తాను.

ఇంద్రాణి

---

తిరుత్తణి
25 జనవరి 2024

వదినకు నమస్కారాలు.

నీ ఉత్తరం మా బట్టల అంగట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుని చదివాను. ఏమంత నవ్వుతున్నావని మా ఆయన అడిగాడు, పెదాలు చూసి తెలుసుకున్నాను. మా వదిన కొండెక్కి ఓడలు చూడబోతోందని చెప్పాను. మన తిరుత్తణి కొండ మెట్లకే నడుము పట్టుకుని నాలుగుసార్లు కూర్చుందే, లైట్‌హౌస్ ఎక్కుతుందా అన్నాడు. ఎక్కి చూపించు.

రంజిత చీర పెడితే నీకెందుకు దిగులు? పెత్తనం పోతోందనా? మా అత్త తాళంచెవులు నా చేతికిచ్చినప్పుడు రెండు రోజులు అన్నం తినలేదు. నువ్వు తిను.

చీర విషయం నేను మరిచిపోతానా? పొదటూరుపేట నేతగాడు చౌడయ్యకు ముందే చెప్పి పెట్టాను. ఎప్పటిలాగే నీలం రంగు, అంచు పొడుగునా చిన్న చిన్న గవ్వలు. చౌడయ్య తండ్రి ఉన్నప్పటినుంచి ఆ అంచు ఏడాదికి ఒక్క చీరకే వేస్తారు. దుకాణంలో పెట్టి అమ్ముకోమని, బాగా పోతాయని అతను చాలాసార్లు అడిగాడు. అది కన్నెమ్మది, ఇంకెవరూ కట్టకూడదని చెప్పాను.

సముద్రం చూసినప్పుడు నా బదులు కూడా ఒకసారి చూడు. అక్క పోయినప్పటినుంచి నేను సముద్రం వైపు పోలేదు. చెన్నైకి సరుకు కొనడానికి ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు, ఒక్కసారైనా బీచికి పోలేదు. పిల్లలు చిన్నప్పుడు ఏడ్చి గోల చేసినా వాళ్ళ నాన్నతోనే పంపించాను. నాకు భయమని అందరూ అనుకుంటారు. భయం కాదు.

అలమేలు

---

తిరువళ్ళూరు
13 ఫిబ్రవరి 2024

అలమేలూ,

క్షేమంగా తిరిగి వచ్చాం. అన్నవరంలో వ్రతం బాగా జరిగింది. సింహాచలంలో దర్శనం అయింది.

ఇక కొండ సంగతి. సాయంత్రం ఒక రెండు గంటలే జనాన్ని పైకి రానిస్తారు. గేటు దగ్గర గుర్తింపు కార్డులు చూపించమంటే నేను ‘యాడ చూపించల్ల?’ అని అడిగాను. కావలివాడు నన్ను వదిలేసి ముకేశ్ వైపు తిరిగి, ‘తమిళ్ వాళ్ళా?’ అన్నాడు. ఇక్కడేమో ఇంటి ముందుకు వచ్చిన ప్రతివాడూ మనల్ని తెలుంగుకారులు అంటాడు, అక్కడ తెలుగు దేశంలో అరవవాళ్ళం అయ్యాం. మంచి బతుకే మనది.

లైట్‌హౌస్ మెట్లు ఎక్కాను. మీ ఆయనకు చెప్పు, రెండే రెండుసార్లు కూర్చున్నాను. పైకి వస్తే గాలి కొంగును నిలవనివ్వదు. ఒక పక్క అంతా సముద్రం. ఇంకో పక్క కొండకూ ఊరికీ నడుమ ఇరుకైన నీటిదారి, అందులోనుంచే ఓడలు లోపలి రేవుకు పోతాయి. అవతలి ఒడ్డున మూడు గుట్టలు, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. తెల్లవాళ్ళ కాలంలో మేం నిలబడ్డ కొండ మీద ఫిరంగులు పెట్టి రేవును కాచేవాళ్ళట.

ఇదంతా మాకు ఒకామె చెప్పింది. ఆమె భర్త ఆ లైట్‌హౌస్‌లోనే పనిచేసి రిటైరై, నాలుగేళ్ళ కిందట కాలం చేశాడు. అందుకే కావలివాడు ఆమెకు నమస్కారం పెట్టి లోపలికి వదులుతాడు. కొడుకు శ్రీకర్ రేవులో టగ్‌బోటు మీద పనిచేస్తాడు. పెద్ద ఓడ తనంతట తాను లోపలికి రాలేదట. ఈ చిన్న పడవలే దాన్ని ముందూ వెనకా పట్టుకుని ఆ ఇరుకుదారిలో రాయి తగలకుండా తీసుకురావాలట. మేం చూస్తుండగానే ఒక ఓడ వచ్చింది, మన వీధంత పొడుగు ఉంది. ముందున్న ఎర్ర పడవను చూపించి, ‘ఆ పడవలో ఉండేది మావాడే’ అంది. ఆ చెయ్యి చాచిన తీరు చూస్తే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కొడుకు కనపడడు, కనపడేదల్లా ఎర్రటి చుక్క. అయినా ఓడ లోపలికి పోయిందాకా ఆమె కన్ను తిప్పలేదు.

ఆమెది మన పక్క మాటే. భర్త ఉద్యోగంతో ఎన్నో రేవులు తిరిగి అక్కడ నిలబడిపోయారట. ఊరు జ్ఞాపకం వస్తుందా అని అడిగాను. రోజూ వస్తుందంది. నీ బదులు సముద్రాన్ని చూశాను. చాలాసేపు చూశాను.

ఇంద్రాణి

---

తిరుత్తణి
19 ఫిబ్రవరి 2024

వదినకు,

సింహాచలం స్వామికి ఒక్క ముక్క, ఎవరో ముక్కూ మొహం తెలియని ఆమెకు పేజీ నిండా రాశావే అనుకుని నవ్వుకున్నాను. నాలుగు రోజులు ఆ నవ్వు బాగానే నిలిచింది. నిన్న శ్రీవాసవి తన ఫోన్‌లో ఫొటోలు చూపించింది. ముకేశ్ కుటుంబం గ్రూపులో పెట్టాడట. ఒక ఫొటోలో నువ్వూ ఆ ఓడల ఆమె కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆమె వెనక్కి తిరిగి ఉంది, మొహం కనిపించలేదు. చీర కనిపించింది.

బొమ్మ పెద్దది చేయించి చూశాను. నీలం చీర, గవ్వల అంచు. మొన్నటేడు కన్నెమ్మకు పెట్టిన చీర అది. ఆ ఏడు చౌడయ్య మగ్గం మీద ఒకచోట గవ్వలు దగ్గర దగ్గరగా పడ్డాయి, కొంగు దగ్గర. అది కూడా ఉంది.

పేదరాలికి ఇచ్చామని ఏటా చెప్తావు. పేదరాలు విశాఖపట్నంలో ఉందా? కొడుకు రేవులో ఉద్యోగం చేసే ఆమెకు మన కన్నెమ్మ చీరతో ఏం పని? నాకు తెలియకుండా ఎవరెవరికి పంచుతున్నావు? నా అక్క చీర నీకంత చులకనైందా? ఇరవైనాలుగున మాసి మగం. చీర మగ్గం మీదినుంచి దిగి నా ముందే ఉంది. నీ నుంచి నిజం వస్తే తప్ప పంపను.

ఆ అంచులో గవ్వలు ఎందుకు వేయిస్తానో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా తెలియదు. ఆ రోజు పులికాట్‌లో అమ్మ నన్ను తనపక్కనే కూర్చోమంది. నువ్వూ అక్కా నీళ్ళ దగ్గరికి పోతుంటే నేను పరుగెత్తి అక్క చెయ్యి పట్టుకుని, ‘గవ్వలు తెచ్చియ్యవే, పెద్దవి’ అన్నాను. పెద్దవి లోపలుంటాయి కదా. కాసేపటికి నువ్వు ఒక్కదానివే ఏడ్చుకుంటూ వచ్చి అల లాక్కుపోయిందన్నావు. నాకప్పుడు పదమూడేళ్ళు. గవ్వల కోసమే లోపలికి దిగిందని నాకొక్కదానికే తెలుసు. అమ్మ చచ్చిపోయిందాకా ఆమె మొహం సరిగ్గా చూడలేకపోయాను. నేను చేసినదానికి ఏటా ఆ చీర నేయిస్తున్నాను. దాన్ని నువ్వు ఎవరికో కట్టబెట్టావు.

అలమేలు

---

తిరువళ్ళూరు
22 ఫిబ్రవరి 2024

అలమేలూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గవ్వల సంగతి నాకు తెలియదమ్మా. ఒట్టు. తెలిసి ఉంటే నలభై ఎనిమిదేళ్ళు నోరు మూసుకుని ఉండేదాన్ని కాదు. ఇప్పుడు అలా అంటున్నాను గానీ, అప్పుడు ఏం చేసి ఉండేదాన్నో. ఏమో.

నువ్వు ఈ తరవాతి మాట చదివేముందు కూర్చో. ఆ ఫొటోలో ఉన్నది సుగంధి.

ఆమె నీళ్ళలో దిగలేదు. చెప్పులు కూడా తడవలేదు. ఆ సంవత్సరం ఒక వారం పాటు అక్కకు అమ్మవారు పోసింది, గదిలోకి పోవద్దు అని నీకు చెప్పారు, జ్ఞాపకం ఉందా? అమ్మవారు కాదు. మీ నాన్న, మీ అన్న కలిసి తాళం వేశారు. పులికాట్ లైట్‌హౌస్ క్వార్టర్స్‌కు సరుకులు కొనడానికి నెలకొకసారి మన అంగడికి గుహన్ అని ఒక అబ్బాయి వచ్చేవాడు, పడవలవాళ్ళ బిడ్డ. వాళ్ళిద్దరి సంగతి బయటపడింది. ‘మళ్ళా ఆ పిల్లోడు ఈ పక్క కనపడితే నరికేస్తా’ అన్నాడు మీ అన్న. ఆయన ఊరికే అనే మనిషి కాదు. నాకు పెళ్ళయి ఏడాది కూడా కాలేదు, ఇరవైరెండేళ్ళు. తలుపు కింది సందులోనుంచి సుగంధి నాకొక చీటీ ఇచ్చింది. మాసి మగం స్నానానికి అందరితోపాటు తననూ తీసుకుపోయేట్టు చెయ్యమని అందులో రాసింది. నేను మీ అమ్మను బతిమాలి ఒప్పించాను.

గుహన్ సరస్సు పక్కన పడవతో ఉన్నాడు. ఇద్దరూ సూళ్ళూరుపేట వైపు పోయారు. పడవ కనపడకుండా పోయిందాకా ఆగి, నేను సుగంధి చెప్పులు అల పక్కన పెట్టి, ఏడుస్తూ మీ దగ్గరికి వచ్చాను. ఆ ఏడుపు మాత్రం నిజమే. చనిపోయిందంటేనే వెతకరు అనుకున్నాను. అమ్మవారిగా పూజిస్తారని నాకేం తెలుసు? శవం దొరకలేదు, పెళ్ళికాని పిల్ల, కన్నెమ్మగా నిలిచిందని మీ నాన్నే బుట్ట కట్టించాడు. దానికి దీపం పెట్టమని నా చేతికే అగ్గిపెట్టె ఇచ్చారు.

సుగంధి ఏడాదికొక కార్డు పొదటూరుపేటలో మా పుట్టింటికి రాసేది, ఏ ఊరికి బదిలీ అయ్యారో తెలియడానికి. నేను ఏటా బుట్టలోనుంచి తీసిన చీర పార్సిల్ చేసేదాన్ని. నువ్వు అక్కకు పెట్టిన చీర అక్కే కట్టింది అలమేలూ. ఒక్కటి కూడా బయటికి పోలేదు. ఇంకెవరికైనా ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. ఇకమీదట బుట్ట రంజిత చేతిలోకి పోతుంది, చీరలు నిజంగానే ఎవరికో పోతాయి. దిగులని రాశానే, అదే ఇది. ముకేశ్ ఫొటో తీస్తుంటే ఆపి ఉండొచ్చు. ఆపలేదు.

మీ అన్నతో అన్నేళ్ళు కాపురం చేసి ఈ మాట దాచాను. ఆయన పోయాక నీకు చెప్పాలని ఏడాదిగా అనుకుంటూనే ఉన్నాను. తప్పు ఎంత పెద్దదో నీ ఉత్తరం వచ్చేవరకు తెలియలేదు. సుగంధిని కాపాడానని అనుకుంటూ బతికాను. నీ మీద ఏం పడేశానో చూడలేదు.

ఆమె అడ్రసు వెనక రాశాను.

ఇంద్రాణి

---

తిరుత్తణి
27 ఫిబ్రవరి 2024

నీ ఉత్తరం అందింది. ఈ ఏడు చీర పంపలేదు. రంజిత అడిగితే మగ్గం చెడిందని చెప్పు, అబద్ధాలు నీకు కొత్త కాదు. ఇకమీదట నాకు రాయొద్దు.

అలమేలుమంగ

---

విశాఖపట్నం
2 ఏప్రిల్ 2024

వదినకు,

రాయొద్దన్నది నేనే. నేనే రాస్తున్నాను.

నెల రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. చెవుడు కదా, ఇంట్లో ఎవరికీ తేడా తెలియలేదు. అక్క బతికుందని సంతోషపడాలో, అమ్మ ఆ దుఃఖంతోనే పోయిందని నిన్ను తిట్టాలో తెలియక, అంగట్లో అదే బట్టను పదిసార్లు మడత పెట్టాను. చివరికి శ్రీరాఘవ్‌కు మొత్తం చెప్పాను. వాడు పరీక్షలప్పుడల్లా ఆ బుట్టకు మొక్కుకుని పోయినవాడు. అంతా విన్నాడు. తరవాత రైలు టికెట్లు తీశాడు.

అక్క ఇంటికి రమ్మంది గానీ, నేను కొండ మీదే కలుస్తానని కబురు పెట్టించాను. ఇంట్లోనైతే కాఫీలు, మర్యాదలు, కోడలు, మనవలు. నాకు అవి వద్దు. పైగా సముద్రం చూడక తప్పదు, చూసేదేదో ఆమె పక్కన నిలబడే చూద్దామనిపించింది.

లైట్‌హౌస్ మెట్లు ఎక్కడా ఆగకుండా ఎక్కాను. పైన కమ్మీ పక్కన ఒక ముసలామె. నాకు తెలిసిన సుగంధక్కకు ఇరవై ఏళ్ళు, నడుము దాటిన జడ. ఈమెకు అమ్మ మొహం ఉంది. అచ్చంగా అమ్మే.  నా మనసులో ఉన్న మాట ఒక్కటే. కౌగిలించుకోక ముందే అడిగేశాను. ‘గవ్వల కోసం నీళ్ళ దగ్గరికి పోయినావా అక్కా? నేను అడిగినానని పోయినావా?’

ఆమె ఏదో చెప్పింది. గాలికి నాకేమీ వినపడలేదు. చెవి దగ్గరికి వచ్చి చెప్పింది, అప్పుడూ వినపడలేదు. మూడోసారి రెండు చేతులతో నా తల పట్టుకుని గట్టిగా అరిచింది, అక్కడున్న యాత్రికులంతా తిరిగి చూశారు.

‘నువ్వు గవ్వలు అడిగినావా? నాకు గ్యాపకమే లేదే పాపా.’

జ్ఞాపకం లేదట వదినా. ఆ రోజు ఆమె మనసులో పడవ ఉంది, గుహన్ ఉన్నాడు, మీ ఆయన కత్తి ఉంది. నా గవ్వలకు అందులో చోటెక్కడిది? నేను అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చాను. అరవైఒక్కేళ్ళ ఆడది లైట్‌హౌస్ మీద చంటిపిల్లలా ఏడుస్తుంటే శ్రీరాఘవ్‌కు ఏం చెయ్యాలో తెలియక నీళ్ళ సీసా మూత తీసి పట్టుకుని నిలబడ్డాడు. అక్క నా పక్కన కూర్చుంది. ఎవరు లేపినా లేవలేదు. మూసే వేళ అయిందని కావలివాడు వచ్చిందాకా అట్లే ఉన్నాం. ఆ తరవాత నేను సముద్రం చూశాను. ఏముంది, నీళ్ళు.

మూడు రోజులుగా ఆమె ఇంట్లోనే ఉన్నాను. నా చెవిలో అరిచీ అరిచీ ఆమె గొంతు పోయింది. శ్రీవాసవి పెళ్ళికి వస్తుంది. ఊళ్ళో ఎవరికి ఏం చెప్పాలో నేను చూసుకుంటాను. పూజించినవాళ్ళకు కోపం వస్తే రానీ.

నీ విషయానికి వస్తే, నువ్వు అక్కను బతికించావు. అది ఒప్పుకుంటాను. ఇక్కడికి వచ్చి ఆమె కొడుకునూ మనవలనూ చూశాక ఒప్పుకోక తప్పదు. కానీ నా కోపం పోలేదు, పోయిందని రాస్తే అది ఇంకొక అబద్ధం. ఆ రోజు నువ్వు ఇసుకలో నా పక్క నుంచి నడిచిపోయి అమ్మ ఒళ్ళో పడి ఏడ్చావు. ఏమీ బయటపెట్టకపోయినా పరవాలేదు, నా వైపు తిరిగి, ఇందులో నీ తప్పేమీ లేదని ఒక్క మాట అని ఉంటే చాలు. ఎవరూ అనలేదు. ఆ మాట నాకు నీ దగ్గరినుంచి కావాలి. నాకు కాదు, ఆ పదమూడేళ్ళ పిల్లకు. ఆమెకు రాయి.

అలమేలు

---

తిరువళ్ళూరు
8 ఏప్రిల్ 2024

పదమూడేళ్ళ అలమేలుకు,

పాపా, నేను మీ కొత్త వదినను. నీతో ఇంకా సరిగ్గా మాట్లాడింది లేదు. ఇంత పెద్ద ఇంట్లో నాకు భయం భయంగా ఉంది, అందుకే నీ వైపు చూడలేదు.

అక్క నీళ్ళలోకి పోలేదు. నువ్వు అడిగినదాని వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లలు గవ్వలు అడుగుతారు, అడగాలి. అబద్ధం చెప్పింది నేను. తప్పు నాది.

లే తల్లీ, మొహం కడుక్కో. వచ్చి అన్నం తిను.

వదిన